హదస్సా రాయి

బ్రహ్మచారికి పెళ్లయింది. ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు. అయినా సికింద్రాబాద్ కార్ఖానా పేటలో టైలరు దుకాణం మీది గదికి మెట్లెక్కి వచ్చే ప్రతి మనిషీ బోర్డు మీది పేరు చదివి, ఆయన ముఖంలోకి ఒకసారి, గోడకున్న కుటుంబం ఫోటోలోకి ఒకసారి చూడక మానడు. అలా చూడకుండా కుర్చీలో కూలబడ్డవాళ్లు నిజంగా కష్టంలో ఉన్నవాళ్లని ఆయన అసిస్టెంటు సృజన లెక్క. ఆ బుధవారం ముసురులో తడిసి వచ్చిన అమ్మాయి బోర్డూ చూడలేదు, ఫోటో కూడా చూడలేదు.

పేరు క్యారల్ అంది. బోయిన్‌పల్లిలో ఒక చిన్న బడిలో టీచరట. సృజన తువ్వాలు ఇస్తే తల తుడుచుకోకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మా డాడీని దొంగ అంటున్నరు సార్," అంది. "సమాధి రాయి అమ్ముకున్నడంట."

బ్రహ్మచారి డిటెక్టివ్ ఏజెన్సీకి వచ్చే పనుల్లో ముప్పాతిక పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు. అబ్బాయికి తాగుడుందా, అమ్మాయి చదువు నిజమేనా, ఇలాంటివి. సమాధి రాయి మాట వినగానే ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఒక పని మీద మనసు పడ్డప్పుడే ఆయన అలా చేస్తాడని సృజనకు తెలుసు.

"మెల్లగ మొదటికెల్లి చెప్పమ్మా. మాకేం తొందర లేదు."

క్యారల్ చెప్పింది. తండ్రి యెషయా కార్ఖానా వెనకున్న పాత సమాధుల తోటకు కాపలాదారు. గేటు పక్క గదిలో ఉంటాడు. లష్కర్ చరిత్ర సంఘం వాళ్లు ప్రతి శనివారం వచ్చి అక్కడి రాళ్లు కడిగి, అక్షరాలు చదివి, ఫోటోలు తీసుకుంటారు. సికింద్రాబాద్ పాత సంగతులన్నీ పోగుచేసి పుస్తకాలు వేయడం వాళ్ల పని. ఆ రాళ్లలో ఒకటి హదస్సాది. నూరేళ్ల కిందట ప్లేగు వచ్చినప్పుడు ఊరి బయట వేసిన డేరాల్లో రోగులకు సేవ చేసి, అదే రోగంతో కన్నుమూసిన నర్సు ఆమె అని సంఘం పుస్తకంలో రాశారు. ఇప్పుడు ఒక బడిలో ఆమె పేరు మీద బహుమతి కూడా ఇస్తున్నారు. వచ్చే ఆదివారం పెద్ద సభ. కిందటి శనివారం మేస్త్రీ వచ్చి రాయిని పైకి తీసి కొత్త దిమ్మె మీద నిలపాలి. ఆ పొద్దున అందరూ వచ్చి చూసేసరికి రాయి లేదు.

"గేటు తాళం డాడీ దగ్గర ఉంటది. పోయిన నెల ఎవరో పాత పాలరాళ్లు కొంటమని వచ్చి డాడీతోని మాట్లాడిండ్రు. డాడీ వాళ్లను వెళ్లగొట్టిండు గని, మాట్లాడింది నలుగురు చూసిండ్రు. ఇగ అంతే సార్. శనివారం లోపల రాయి తెచ్చియ్యాలె, లేకుంటె గది ఖాళీ చేసి పోవాలె అన్నడు తోట కమిటీ పెద్ద."

"గది పోతే మీ దగ్గర పెట్టుకోలేరా?" సృజన అడిగింది.

"గది గురించి కాదక్కా." క్యారల్ ఒళ్లోని తువ్వాలు మడిచింది. "మా మమ్మీ ఆ మట్టిలనే ఉంది. డాడీ పొద్దుగాల లెవ్వంగనే ముందు ఆమె దగ్గరికి పోయి కూసుంటడు. తర్వాతనే చాయ. దొంగ అని ముద్రేసి పంపితె మల్ల ఆ గేటు లోపల అడుగు పెట్టనియ్యరు. శనివారం నుంచి అన్నం ముట్టుతలేడు. గట్లనే ఉంటె నాకు ఆయన కూడా దక్కడు."

సృజన చాయ పోసి ఆమె ముందు పెట్టింది. బ్రహ్మచారి మాత్రం బల్ల మీది పేపరు వెయిట్‌ను చూస్తూ అడిగాడు.

"మీ డాడీ కమిటీ వాళ్లకు ఒక అబద్ధం చెప్పిండు. ఏందది?"

క్యారల్ ఉలిక్కిపడింది. "మీకెట్ల తెల్సు?"

"తెల్వది. కానీ నిజమే చెప్పినోని మీద అనుమానం ఇంత జల్ది గట్టిపడదు."

క్యారల్ తల దించుకుంది. "శుక్రవారం మధ్యాహ్నం నేనే డాడీని కంటి డాక్టరు దగ్గరికి తీస్కపోయిన. పొద్దుగూకినంక వచ్చినం. డ్యూటీ విడిచి పోవద్దని కమిటీ రూలు. అందుకని రోజంతా గేటు కాడనే ఉన్న అని చెప్పిండు. ఉంటే రాయి ఎట్ల పోయిందని అడిగిండ్రు. నోట మాట రాలేదు ఆయనకు."

"మీరు లేనప్పుడు గేటు తాళం?"

"వేసే పోయినం. కానీ సంఘంల ముగ్గురి దగ్గర సుత తాళాలున్నయి సార్."

బ్రహ్మచారి లేచి గొడుగు అందుకున్నాడు.

సమాధుల తోటలో నేలంతా చిత్తడి. వాన గట్టిగా కురవదు, ఆగదు. నాచు పట్టిన సిలువలు, ఒరిగిపోయిన రాళ్లు, పేర్లు చెరిగిపోయిన పలకలు. వాటి మధ్య నడుస్తుంటే మాట మెల్లగా వచ్చింది సృజనకు. యెషయా గది గడప మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, కళ్లకు మందు వేసిన ఎరుపు ఇంకా పోలేదు. వీళ్లను చూసి లేవబోయి గోడ పట్టుకున్నాడు.

"కూసో పెద్దాయనా. ఒక్కటే అడుగుత," అన్నాడు బ్రహ్మచారి. "నువ్వు తీసినవా?"

"లేదు సార్."

"ఎవరు తీసిండ్రో తెల్సా?"

"తెల్వదు సార్. ఎవల మీద చెప్పాలె? అందరు మంచిగనే ఉంటరు. సంఘం పెద్ద హరికిషన్ సారైతే వచ్చినప్పుడల్లా నాకు చాయ తెస్తడు."

అంతకంటే అతని దగ్గర ఏమీ లేదు. మళ్లీ కూర్చుని తోట మూలకు చూస్తూ ఉండిపోయాడు. అక్కడ రాయి లేదు, సిలువ లేదు. నాలుగు వైపులా తెల్లసున్నం కొట్టిన ఇటుకలు మాత్రం పేర్చి ఉన్నాయి.

హదస్సా సమాధి దగ్గర వీళ్ల కోసం కల్పలత ఎదురుచూస్తోంది. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. సంఘంలో రాళ్ల పనంతా ఆమె చేతి మీదుగా జరుగుతుంది. ముఖంలో చిరాకు దాచుకోలేదు.

"మీరు యెషయా తరఫున వచ్చారని తెలుసు. ఫ్రాంక్‌గా చెప్తున్నా, అతని మీద కంప్లయింట్ రాసింది నేనే. రోజంతా ఇక్కడే ఉన్నానన్నాడు. రాయి దానంతటది నడిచి పోదు కదా."

"పోదమ్మా," అని ఒప్పుకున్నాడు బ్రహ్మచారి. "రాయి ఎంతుండేది?"

"భూమి పైకి మోకాలెత్తు. లోపల ఎంతుందో ఎవరికీ తెలీదు. సమాధుల దగ్గర వేలెడు లోతు కూడా తవ్వడానికి కమిటీ ఒప్పుకోదు. మేం ఇన్నేళ్లలో ఒక్కచోట కూడా గడ్డపార దింపలేదు. సభ కోసమని ఈసారే, మొదటిసారి పర్మిషన్ ఇచ్చారు."

"పైన ఏం రాసుండేది?"

"హదస్సా. కింద ప్లేగు డేరాల నర్సు. అంతే కనిపించేది. మిగతాది మట్టిలో ఉంది. తేదీ, ఏదో వాక్యం ఉండి ఉంటుంది."

బ్రహ్మచారి గొడుగు సృజనకిచ్చి చెప్పులు విడిచి ఆ చోట గొంతుక్కూర్చున్నాడు. సృజనా వంగి చూసింది. రాయి ఉన్నచోట మట్టి కప్పేసి ఉంది. పక్కన తొక్కిన నేలంతా నీళ్లు నిలిచి గుంటలు పడితే, ఇక్కడ మాత్రం నేల కాస్త ఉబ్బెత్తుగా ఉండి నీళ్లు పక్కలకు జారిపోతున్నాయి. ఆయన చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి సృజన అరచేతిలో వేశాడు. ఎర్రమట్టిలో అక్కడక్కడ తెల్లగా, గరుగ్గా తగిలింది.

"ఈ పక్క సమాధికి, ఆ పక్క సమాధికి నడుమ జాగా మస్తు తక్కువున్నది," అన్నాడాయన లేస్తూ.

"గమనించాం. చుట్టూ ఉన్న ఇటుక కట్టుడు ఎవరో ఊడదీసి జరిపి ఉంటారని మా ప్రెసిడెంటు రాశారు."

తోట చివర ఒక రేకుల గది ఉంది. సంఘం సామాన్లు అక్కడే పెట్టుకుంటారు. మెత్తటి బ్రష్షులు, బకెట్లు, తాపీలు, ఒక పార. మూలన ఇసుక బస్తా ఉంది. బ్రహ్మచారి దాన్ని కాలితో తట్టాడు. సగానికి పైగా ఖాళీ.

"ఇదెందుకమ్మా?"

"పగిలిన పలకల్ని కప్పడానికి. అక్షరాలున్న రాయిని మట్టిలో పెట్టాల్సి వస్తే ముందు కడిగిన ఇసుక పరచాలి, ఆపైన మట్టి. వట్టి మట్టి వేస్తే తేమ అక్షరాల్ని తినేస్తుంది. సంఘంలో చేరినవాళ్లకు మొదట నేర్పేదే అది." అంటూనే కల్పలత బస్తా దగ్గరికి వచ్చి కనుబొమలు ముడిచింది. "ఇది నిండా ఉండాలే. ఎవరు వాడారు?"

బ్రహ్మచారి బస్తా మూతి మడిచి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం సీతాఫల్‌మండిలో ఆలిస్ ఇంటికి వెళ్లారు. డెబ్బై దాటిన ఆమె, రిటైరైన టీచరు. సంఘం తరఫున ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తుంది. రాయి పోయిందని ఆమె పెద్దగా బాధపడుతున్నట్టు సృజనకు అనిపించలేదు. ఆ మాటే అడిగేసింది.

ఆలిస్ నవ్వింది కానీ కళ్లు నవ్వలేదు. "నిజం చెప్పాలంటే ఆ రాయి మీద నాకు కొంచెం కోపమేనమ్మా. మా నాయనమ్మ కాంతమణి ప్లేగు డేరాల్లో నర్సుగా చేసింది. మా నాన్న చెప్పేవాడు. సంఘంలో చేరిన కొత్తలో ఆ మాటే రికార్డు చేసి ఇచ్చాను. హరికిషన్‌గారు విని, డేరాల్లో చేసిన తెలుగు నర్సు ఒక్కతే, ఆమె పేరు హదస్సా, రాయి మీద ఉంది అన్నారు. మీ నాన్నగారు పేరు పొరపడి ఉంటారన్నారు. రాయి ముందు నా మాట ఏపాటిది? ఊరుకున్నాను."

"నాయనమ్మ మీకు జ్ఞాపకమున్నదా?" బ్రహ్మచారి అడిగాడు.

"ఉంది. కానీ చెప్పుకునేంత తీపి ఏం లేదు. మమ్మల్ని ఒక్కనాడూ ఎత్తుకోలేదు. పసిపిల్లల్ని ఎవరు తెచ్చినా చేతులు వెనక్కి పెట్టుకునేది. నేను ఏడుస్తూ దగ్గరికి పోతే పొమ్మనేది. రాతిగుండె మనిషి అనేది మా అమ్మ. క్రిస్మస్ ముందురోజు మాత్రం ఒక్కతే కొవ్వొత్తి తీసుకుని సమాధుల తోటకు పోయేది. ఎవరి కోసమో చెప్పేది కాదు."

బ్రహ్మచారి ఆ కొవ్వొత్తి మాట చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. చివరికి, "శుక్రవారం మధ్యాహ్నం మీరెక్కడున్నరమ్మా?" అన్నాడు.

"ఇక్కడే. మోకాళ్ల నొప్పులు. మీరు నన్ను కూడా అనుమానిస్తే నాకు సంతోషమే, ఈ వయసులో అంత బలం ఉందని."

మర్నాడు హరికిషన్ ఇల్లు. కార్ఖానాలోనే, పుస్తకాలతో నిండిన ముందు గది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, సంఘం పెట్టిన నాటి నుంచీ ప్రెసిడెంటు. మర్యాదగా కుర్చీలు వేసి, స్వయంగా చాయ తెచ్చాడు.

"యెషయా మంచోడే," అన్నాడు. "నాకు బాధగనే ఉన్నది. కానీ కమిటీ నిర్ణయం. వేరే ఎక్కడన్నా పనిప్పిద్దామని చూస్తున్న."

"రాయి తీసింది ఆయనే అంటరా?"

"నేనెట్ల చెప్త? చూడలేదు కదా."

"సభ ఆగిపోయినట్టేనా?"

"రాయి లేకుంటె సభేంది? శనివారం పొద్దున రాయి పోయిందని తెల్వంగనే బోర్డు పని కూడా ఆపించిన. పెద్ద బోర్డు, ఆమె కథంతా రాయించినం." ఆయన కిటికీలోంచి వానను చూశాడు. "మీరు చరిత్ర చదువుకున్నరా బ్రహ్మచారిగారూ?"

"లేదు సార్. మా తాతలు రాయి చెక్కినోళ్లు. నాకు అది సుత రాలేదు."

"రాయి ఒక్కటే నిలుస్తది. మనుషులు మరుస్తరు, తప్పు చెప్తరు. మా సంఘం మొదటి పుస్తకంల మొదటి వాక్యం అదే నేను రాసింది." ఎందుకో ఆ మాట ఆయన గొంతులో గర్వంగా పలకలేదు. సృజనకు ఆ పెద్దాయన మీద జాలి కలిగింది. ఎందుకు కలిగిందో తనకే తెలియలేదు.

మెట్లు దిగాక బ్రహ్మచారి స్కూటరు బోయిన్‌పల్లి వైపు తిప్పాడు. కూరగాయల మార్కెట్ దాటాక దుర్గేష్ అనే అతని బోర్డుల దుకాణం. సగం అక్షరాలు అంటించిన పెద్ద రేకు గోడకు ఆనించి ఉంది. "మహాతల్లి హదస్సా" వరకు అయింది.

"ఇది ఎప్పుడు ఆపమన్నరు భయ్యా?"

"శుక్రవారం సాయంత్రం సార్. అక్షరాలు అంటిస్తుంటెనే ఫోనొచ్చింది. జెర ఆపు, మల్ల చెప్తా అన్నడు పెద్దసారు. శనివారం చెప్పుంటె నేను దొరికెటోన్ని కాదు, దుకాణం బంద్ చేసి మా బావ ఇంట్ల శుభకార్యానికి పోయిన." ఫోను తీసి చూపించాడు.

బయటికొచ్చాక సృజన ఉండబట్టలేక అడిగింది. "సార్, ఆయనేనా? మరి రాయి ఏమైంది? ఆ వయసులో మోసుకుపోయాడా?"

"మోసుడెందుకు?" అని ఊరుకున్నాడు బ్రహ్మచారి. కేసు తేలిందంటే ఎప్పుడూ ఒక పాట కూనిరాగం తీసే మనిషి, ఆ రోజు దారంతా మూగగా స్కూటరు నడిపాడు.

శనివారం పొద్దున అందర్నీ సమాధుల తోటకు రమ్మన్నాడు. కమిటీ పెద్ద శాంతికుమార్ గొడుగు కింద నిలబడి, యెషయా గది తాళం వేళ్లకు తిప్పుకుంటున్నాడు. గదిలోని సామాను అప్పటికే రెండు మూటలై బయట ఉంది. క్యారల్ తండ్రి చేయి పట్టుకుని ఉంది. కల్పలత, ఆలిస్, హరికిషన్ హదస్సా చోటు చుట్టూ నిలబడ్డారు. ముసురు అలాగే ఉంది.

"ఎక్కువసేపు నిలబెట్టను," అన్నాడు బ్రహ్మచారి. "చెట్టు పీకినకాడ గుంట పడాలె గని గుట్ట రాదు. అవునా? ఇంత రాయిని ఎత్తుకపోతే, ఆ జాగ నింపనీకి మట్టి చాలది. వారం వానకు ఇంకా కుంగాలె. ఇక్కడ నేల పొంగి ఉన్నది. అంటే లోపల్నుంచి ఏమీ పోలేదు. పైన ఉన్నది లోపలికి పోయింది. కల్పలతగారూ, మెల్లగ మట్టి తీయండి."

కల్పలత మోకాళ్ల మీద కూర్చుంది. తాపీతో ఎర్రమట్టి తీస్తుంటే జానెడు లోతున తెల్లగా ఇసుక కనిపించింది. ఆమె చేయి ఆగిపోయింది. తలెత్తి బ్రహ్మచారి వైపు చూసింది.

"అవునమ్మా. మట్టిల నాకు దొరికిన గరుకు ఇదే. పాలరాయి దొంగ అయితే ఎత్తుకపోతడు. కోపమున్నోడైతే పగలగొడ్తడు. అక్షరాలు చెడిపోవద్దని ఇసుక పరిచి పడుకోబెట్టెటోడు ఎవడు? మీ సంఘంల తాళాలున్న ముగ్గురిల ఒకరు. యెషయాకు ఆ పద్ధతి తెల్వదు, తెల్వాల్సిన పని లేదు. వెనక పక్క మెత్తటి మట్టి తవ్వి, రాయిని వెల్లకిల పడేట్టు తోస్తే చాలు. దానికి ముసలి బలం సరిపోతది."

"ఎవరు?" శాంతికుమార్ అడిగాడు.

"రాయి పోయిందని శనివారం పొద్దున తెలిసింది అందరికీ. బోర్డు పని శుక్రవారం సాయంత్రమే ఆగింది. శనివారం ఆపించిన అని నాతోని చెప్పిండ్రు. ఆ కథ ఇంక బోర్డు మీద రాయొద్దని రాయి పోయిన మాట బయటపడకముందే ఎవరికి తెల్సు?" బ్రహ్మచారి హరికిషన్ వైపు తిరిగాడు. ఆయన గొంతులో విజయం ఏమీ లేదు. "సార్, మీరే చెప్తే మర్యాద."

హరికిషన్ కళ్లజోడు మీద వాన చినుకులు నిలిచి ఉన్నాయి. తుడుచుకోలేదు.

"చూద్దామని వచ్చిన, అంతే," అన్నాడు. "మేస్త్రీ వచ్చేలోపల కింద తేదీ చదువుదామని. గేటు తాళమేసి ఉన్నది, యెషయా లేడు. నా తాళంతోని తీసి కొద్దిగ మట్టి జరిపిన. ఇన్నేళ్లు ఆగిన మనిషిని, ఒక్కరోజు ఆగలేకపోయిన." ఆయన ఇసుక వైపు చూశాడు. "చదివినంక తెల్సింది, నేను రాసింది తప్పని. పుస్తకం, బహుమతి, పిల్లల పాటలు, అన్నీ నేను చెప్పిన కథే. తెల్లారి మేస్త్రీ తీస్తే అందరూ చదువుతరనుకున్న. పగలగొడ్దామని పార ఎత్తిన. చేయి రాలేదు."

"యెషయాను దొంగ అంటుంటే నోరెట్ల వచ్చింది ఊరుకోనీకి?" సృజన అడిగేసింది. అడగడం తన పని కాదని తెలిసినా ఆగలేదు.

హరికిషన్ యెషయా ముఖంలోకి చూడలేక నేల చూపులు చూశాడు.

అప్పటికి కల్పలత ఇసుకంతా తోసేసింది. వాన నీళ్లు మిగతాది కడిగాయి. రాయి ఆకాశం కేసి చూస్తూ పడుకుని ఉంది. అక్షరాలు ఒక్కటి కూడా చెడలేదు. ఆమె పక్కకు జరిగింది. ఆలిస్ కర్ర ఆనించి వంగి చదివింది.

"హదస్సా. ప్లేగు డేరాల నర్సు..." ఆగి, ఇన్నేళ్లుగా మట్టిలో ఉన్న వరుసల మీదికి చూపు దించింది. "కాంతమణి ముద్దుబిడ్డ. రెండేండ్ల ప్రాయమున తల్లి తెచ్చిన రోగముచేత ప్రభువునందు నిద్రించెను."

కల్పలత చేతిలోని తాపీ మట్టిలో పెట్టేసింది.

"నర్సు తల్లి, హదస్సా ఆమె బిడ్డ. పసిదాని సమాధి కనుకనే జాగ తక్కువున్నది," అన్నాడు బ్రహ్మచారి మెల్లగా. "కట్టుడు ఎవరూ జరపలేదు. కింద ఏముందో నాకూ తెల్వదమ్మా. కానీ మీ నాయనమ్మ గురించి మీరు చెప్పినప్పుడు అనుకున్న."

ఆలిస్ వినలేదు. రాతి మీద ఆ చివరి వరుసను వేలితో తడుముతోంది. "మా అత్త," అంది. "నాకొక అత్త ఉండేది. తను తెచ్చానని రాతి మీద చెక్కించుకుంది. అందుకే మమ్మల్ని ఎత్తుకోలేదు. మేం బతకాలని ఎత్తుకోలేదు. రాతిగుండె అన్నాం." ఆమె ఏడుస్తుంటే క్యారల్ తండ్రి చేయి వదిలి వెళ్లి పట్టుకుంది.

హరికిషన్ ఆలిస్ వైపు తిరిగాడు. "మీ నాన్న పేరు పొరపడలేదు ఆలిస్‌గారూ. నేను పొరపడ్డ. మీ మాట రికార్డుల ఉన్నది. నేనే పక్కకు పెట్టిన." ప్రెసిడెంటు పని వదిలేస్తున్నానని కూడా అన్నాడు కానీ ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వెళ్లి దూరంగా ఒక సిమెంటు బల్ల మీద వానలోనే కూర్చున్నాడు. ఆయనకు గొడుగు పట్టాలా వద్దా అని సృజన తేల్చుకోలేకపోయింది.

శాంతికుమార్ తాళం తెచ్చి యెషయా చేతిలో పెట్టాడు. ఒక మూట తనే ఎత్తి గదిలో పెట్టాడు. యెషయా తాళం జేబులో వేసుకుని గదిలోకి పోలేదు. తోట మూలకు, సున్నం కొట్టిన ఇటుకల దగ్గరికి నడిచి, తడి నేల మీదే కూర్చున్నాడు. వారం వానకు సున్నం కొట్టుకుపోయిన ఒక ఇటుకను సరిగ్గా జరిపాడు.

కల్పలత చేతులకు మట్టి అలాగే ఉంది. ఆమె సంఘం తరఫున ఆ తోటలోని ప్రతి సమాధీ జాబితాలోకి ఎక్కించింది, ఈ ఇటుకల మధ్యది తప్ప. రాయి లేని సమాధి వాళ్ల లెక్కలోకి రాదు. ఆమె వెళ్లి యెషయా పక్కన నిలబడటం, నిలబడలేక కూర్చోవడం సృజన చూసింది. క్షమించమని అడుగుతుందనుకుంది. కల్పలత వేరే అడిగింది.

"యెషయాగారూ, ఆమె పేరు చెప్తారా? మేం రాసుకోవాలి."

యెషయా ఆమె వంక నమ్మలేనట్టు చూశాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదేమో, చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు.

"రాజ్యం," అన్నాడు.